సభ్యురాలి నాలుగేళ్ళు నిండాయి, అధ్యక్షులకు 65 వచ్చాయి, మా తీర్పు ఆగిపోయింది

పొలంగట్టు | 12 జూన్ 2025

అందరికీ నమస్కారం. డెల్టాలో రెండెకరాల ఇరవై సెంట్లు సొంతం, మరో మూడెకరాలు కౌలు చేసుకునే రైతును. 2022 దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఎం.టి.యు. 1121 వరి రకం అని చెప్పి అమ్మిన విత్తనం కొన్నాను. ఫిబ్రవరి చివర చేలోకి దిగి చూస్తే ఒక దుబ్బు ఈనింది, పక్క దుబ్బు ఇంకా చిరుపొట్టలో ఉంది. వాటి నడుమ జానెడు ఎత్తుగా బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు. వ్యవసాయాధికారి వచ్చి నాలుగు చోట్ల చదరపు మీటరు చట్రం వేసి లెక్కపెట్టారు. ఒక చట్రంలో 33 దుబ్బులుంటే 11 బెరుకులే. పంచనామా రాసి ఇచ్చారు. కోతల నాటికి ముందు పండిన గింజ రాలిపోయింది, వెనక ఈనినది పాలమీద ఉంది. ఏది కోయాలో తెలియక గట్టు మీద కూర్చుండిపోయాం.

2023 జూన్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. కంపెనీ పేరు, కమిషన్ పేరు ఇక్కడ రాయను. ఈ ఏడాది ఫిబ్రవరిలో ఇరుపక్షాల వాదనలు పూర్తయి తీర్పుకు వాయిదా పడింది. తీర్పు వచ్చేలోపే అధ్యక్షులకు 65 ఏళ్ళు నిండాయి. ఒక సభ్యురాలికి నాలుగేళ్ళ పదవీకాలం ముగిసింది. మార్చి నుంచి ఎప్పుడు వెళ్ళినా బోర్డు మీద ‘కోరం లేదు’ అన్న కాగితం, నా కేసు నంబరు ఎదురుగా మరో తేదీ.

ఆ చేలో కోసిన వెన్నులు రెండు కట్టలు గుడ్డసంచిలో పెట్టుకుని ప్రతి వాయిదాకూ తీసుకెళ్ళాను. ఒక కట్ట పొట్టివి, ఒక కట్ట పొడుగువి. మొన్న విప్పి చూస్తే గింజంతా సంచి అడుగున ఉంది, చేతిలో ఉత్త ఈనెలు మిగిలాయి. కొత్తగా వచ్చేవారికి నేనేం చూపించాలి?

అడగదలచుకున్నవి రెండు. ఈ పదవీకాలాన్ని నాలుగేళ్ళని ఎవరు నిర్ణయించారు? కొత్తవాళ్ళు వచ్చాక కేసు మళ్ళీ మొదటి నుంచి నడపాలా?

నల్లకోటు | 12 జూన్ 2025

పొలంగట్టు గారూ, నేను రాజమహేంద్రవరంలో ప్రాక్టీసు చేస్తాను. ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, దాని మీదే మీకు ఎక్కువ దిగులున్నట్టుంది.

మొదటి నుంచి నడపనక్కరలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 36వ సెక్షన్ చూడండి. అధ్యక్షుడు, కనీసం ఒక సభ్యుడు కలిసి కూర్చుని విచారించాలి. ఏదైనా కారణంతో ఒక సభ్యుడు చివరిదాకా ఉండలేకపోతే, ఆ సభ్యుడు విన్న దశ నుంచే మిగిలినవారు కొనసాగించాలి. మీ ప్రమాణపత్రం, పంచనామా, కంపెనీ ఇచ్చిన జవాబు అన్నీ రికార్డులో ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు.

వాదనలు మాత్రం మళ్ళీ వినిపించవలసి వస్తుంది. విన్నవారే తీర్పు చెప్పాలన్నది పాత సూత్రం. ఆ సూత్రం మన పక్కనే ఉన్న కృష్ణా జిల్లా బస్సుల తగాదాలోనే స్థిరపడింది. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటే లా కాలేజీలో చదివినవారందరికీ గుర్తుంటుంది. బస్సు రూట్ల జాతీయీకరణపై ప్రైవేటు బస్సు యజమానులు వేసిన కేసది. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం తీసుకున్నది మరొకరు. ఒకరు విని ఇంకొకరు తేల్చితే ఆ వినడానికి అర్థమే లేదని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. కాబట్టి మీ లాయరు ఒక పూట మళ్ళీ వాదిస్తారు.

వెన్నుల సంగతికి భయపడకండి. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని తేల్చింది. అది మన రాష్ట్ర రైతుల కేసే. కొన్న విత్తనమంతా చల్లుకునే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించకూడదని కూడా అందులో ఉంది. మీ బలమంతా ఆ పంచనామాలో ఉంది.

మొదటి ప్రశ్న పెద్దది, రాత్రికి రాస్తాను.

నల్లకోటు | 12 జూన్ 2025, రాత్రి

1986 చట్టం ప్రకారం జిల్లా ఫోరం సభ్యుడికి అయిదేళ్ళు లేదా 65 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అది. రాష్ట్ర కమిషన్‌కు 67, జాతీయ కమిషన్‌కు 70. ఆ అయిదేళ్ళు చట్టంలోనే రాసి ఉండేవి. 2019 చట్టం వచ్చాక పదవీకాలాన్ని నిబంధనలకు వదిలేశారు. 2020 జూలై 15న కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో జిల్లా, రాష్ట్ర కమిషన్లకు నాలుగేళ్ళు అని పెట్టారు. ఆ తర్వాత మరో నాలుగేళ్ళకు తిరిగి నియమించవచ్చు. జిల్లా కమిషన్‌కు వయసు హద్దు మాత్రం పాత 65 ఏళ్ళే. పాత చట్టం కింద నియమితులైనవారిని వారి కాలం ముగిసేదాకా 31వ సెక్షన్ కాపాడింది.

ఆ నిబంధనలకు ముందూ తర్వాతా సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి. 2019 నవంబరు 13న రోజర్ మాథ్యూ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ట్రిబ్యునళ్ళ, అంటే వినియోగదారుల కమిషన్ లాంటి ప్రత్యేక న్యాయవేదికల, నిబంధనలను కొట్టేసింది. మరీ పొట్టి పదవీకాలం స్వతంత్రతకు చేటని అందులో స్పష్టంగా ఉంది. 2020 నవంబరు 27న మద్రాస్ బార్ అసోసియేషన్ కేసులో అయిదేళ్ళు ఉండాలని చెప్పింది. 2021 ఏప్రిల్‌లో కేంద్రం నాలుగేళ్ళంటూ ఆర్డినెన్సు తెచ్చింది. జూలై 14న కోర్టు ఆ నాలుగేళ్ళ నిబంధనను కొట్టేసింది. నెల తిరగకుండానే ఆగస్టు 13న అదే నాలుగేళ్ళతో ట్రిబ్యునళ్ళ సంస్కరణ చట్టం వచ్చింది. కోర్టు చెప్పినదాన్ని మళ్ళీ మళ్ళీ పక్కన పెట్టడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇరవై మూడేళ్ళుగా ఈ కోటు వేసుకుంటున్నాను. కోర్టు మాటను కక్షిదారు పాటించకపోతే ధిక్కరణ అని మేమే చెబుతాం.

ఇక మీకు నేరుగా పనికొచ్చేది గత నెల తీర్పు. 2023 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2020 నిబంధనల్లో ఎంపిక సంఘం కూర్పునూ, నాలుగేళ్ళ పదవీకాలాన్నీ కొట్టేసింది. దానిపై వచ్చిన అప్పీళ్ళలో 2025 మే 21న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ తీర్పు ఇచ్చారు. పదవీకాలం అయిదేళ్ళు ఉండాలి, ఎంపిక సంఘంలో న్యాయవ్యవస్థ నుంచి వచ్చేవారే ఎక్కువమంది ఉండాలి, నాలుగు నెలల్లో కొత్త నిబంధనలు నోటిఫై చేయాలి. వీటికి తోడు వినియోగదారుల వివాదాలకు శాశ్వత న్యాయవేదిక సాధ్యమేనా అన్నదానిపై మూడు నెలల్లో ప్రమాణపత్రం వేయమన్నారు.

అత్తిలి అబ్బాయి | 13 జూన్ 2025

నల్లకోటు గారి వివరణ బాగుంది. అయినా ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మా నాన్నగారి బీమా క్లెయిము కేసు ఇలాంటి కమిషన్‌లోనే మూడేళ్ళు నడిచింది. అక్కడ సభ్యులు ఉన్నారు, కోరం ఉంది. అయినా మూడేళ్ళు పట్టింది. నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది కదా. కుర్చీలో మనుషులు ఉన్నప్పుడే కదలని చోట వారికి ఇంకో ఏడాది ఇస్తే ఏం మారుతుంది? పనిచేయనివారు నాలుగేళ్ళకే వెళ్ళిపోవడం మంచిది కాదా? బాగా చేసినవారిని తిరిగి నియమించుకోవచ్చు.

పాత బెంచి | 13 జూన్ 2025

అబ్బాయి గారూ, ఆ చివరి వాక్యమే అసలు చిక్కు. నేను పాత చట్టం కింద ఒక జిల్లా ఫోరంలో అయిదేళ్ళు సభ్యురాలిగా పనిచేశాను. లోపలినుంచి చూసినది చెబుతాను.

మొదటి ఏడాది నేర్చుకోవడానికే సరిపోతుంది. నేను కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినదాన్ని. బీమా పాలసీలో మినహాయింపు షరతు ఎలా చదవాలో, ఆసుపత్రి కేసుషీటులో ఏది ముందు రాశారో ఏది తర్వాత చేర్చారో ఎలా పట్టుకోవాలో మా అధ్యక్షుల పక్కన కూర్చునే నేర్చుకున్నాను. రెండో ఏడు నుంచి సొంతంగా ఉత్తర్వు రాయగలిగాను. చివరి ఆరు నెలల్లో కొత్తగా వాదనలు వినడానికి చెయ్యి రాదు. విన్నవి మనమే రాసి సంతకం పెట్టి వెళ్ళాలి కదా అన్న భయం. అంటే అయిదేళ్ళలో నిండుగా పనిచేసేది మూడున్నరేళ్ళు. నాలుగేళ్ళలో అయితే రెండున్నరే. మీరు ఇంకో ఏడాది అంటున్నది నిజానికి పనిచేసే ఆ రెండున్నరేళ్ళలో మూడో వంతుకు పైనే.

నా చివరి రోజు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ రోజు సాయంత్రానికి తొమ్మిది ఉత్తర్వులు టైపై రావాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది. స్టెనో గారు ఇంటి నుంచి ఇన్వర్టరు బ్యాటరీ తెప్పించారు. ఆరింటికి ఏడు సంతకాలయ్యాయి. మిగిలిన రెండింటిలో ఒకటి ఒక విధవరాలి గ్యాసు ప్రమాదం కేసు. అది నేనే విన్నాను, ఏం రాయాలో నా నోట్‌బుక్కులో వరస తప్పకుండా ఉంది. మర్నాటి నుంచి ఆ నోట్‌బుక్కుకు విలువ లేదు. ఆమె మళ్ళీ లాయరును పెట్టుకుని మళ్ళీ వాదించుకోవలసి వచ్చింది. పొలంగట్టు గారి సంచిలోని వెన్నుల సంగతి చదవగానే ఆమే గుర్తొచ్చింది.

ఇక తిరిగి నియమించడం గురించి. ఎవరు నియమిస్తారు? 2020 నిబంధనల ప్రకారం ఎంపిక సంఘంలో ముగ్గురు. ఒకరు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేదా వారు సూచించిన న్యాయమూర్తి, మిగతా ఇద్దరూ ప్రభుత్వం వైపువారు. మా ముందుకు వచ్చే కేసుల్లో విద్యుత్తు సంస్థ ఉంటుంది, గృహనిర్మాణ మండలి ఉంటుంది, ప్రభుత్వ బీమా సంస్థలు ఉంటాయి. మూడో ఏడు దాటిన సభ్యుడు ప్రభుత్వ సంస్థ మీద పరిహారం రాసేటప్పుడు తన పునర్నియామకం ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్తుందో ఆలోచించకుండా ఉండాలంటే చాలా నిబ్బరం కావాలి. అందరూ లొంగిపోతారని అనను, నేను చూసినవారిలో చాలామంది నిజాయితీపరులే. అయినా నిజాయితీకి అంత పరీక్ష పెట్టే ఏర్పాటు మంచి ఏర్పాటు కాదు.

అమలాపురం మాష్టారు | 14 జూన్ 2025

అమ్మా, పాత బెంచి గారూ, మీ మాటలు చదివి చాలాసేపు ఆలోచించాను.

నాదొక చిన్న సందేహం. 2022 ఏప్రిల్ 4న మా కోనసీమ వేరే జిల్లా అయింది. ప్రతి జిల్లాలోనూ ఒక కమిషన్ ఉండాలని చట్టంలో ఉందంటారు. సభ్యులు లేక కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు పక్క జిల్లా వారు వచ్చి కూర్చోవడానికి వీలుందా? మా ఫ్రిజ్జు కేసు చిన్నది, పట్టుబట్టి నడుపుతున్నాను. డబ్బు కన్నా ఆ దుకాణం అతను నాతో మాట్లాడిన తీరు మరచిపోలేకపోతున్నాను.

నల్లకోటు | 14 జూన్ 2025

మాష్టారూ, ప్రతి జిల్లాకూ ఒకటి ఉండాలన్నది 28వ సెక్షన్. మీరడిగినది 32వ సెక్షన్. ఖాళీ ఏర్పడితే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి మరో జిల్లా కమిషన్‌కు ఆ అధికారం అప్పగించవచ్చు, లేదా మరో జిల్లా అధ్యక్షుణ్ణో సభ్యుణ్ణో ఇక్కడ కూడా పనిచేయమనవచ్చు. ఇన్‌చార్జి అంటాం. పొలంగట్టు గారూ, మీరూ, మీలాగే వాయిదాలు తిరుగుతున్న మరికొందరూ కలిసి విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కూ, పౌరసరఫరాల శాఖకూ ఒక వినతిపత్రం ఇవ్వండి. అందులో ‘తీర్పుకు వాయిదా వేసిన కేసులు’ ఎన్ని ఆగాయో నంబర్లతో సహా రాయండి. ఊరికే కోరం లేదని రాస్తే ఫైలులో పడి ఉంటుంది. వాదనలు పూర్తయిన కేసుల పట్టిక ఉంటే ఎవరికైనా చూడక తప్పదు.

పాత బెంచి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అయిదేళ్ళు రాగానే అంతా సర్దుకుంటుందని కూడా అనుకోకండి. ‘ఏది ముందైతే అది’ అన్న మాట అలాగే ఉంటుంది. అధ్యక్షులుగా వచ్చేవారిలో ఎక్కువమంది రిటైరైన జిల్లా జడ్జీలు. 61 ఏళ్ళు నిండి చేరినవారికి కాగితం మీద అయిదేళ్ళున్నా 65కు నాలుగేళ్ళే దొరుకుతాయి. నియామకం ఆలస్యమై 63లో వస్తే రెండేళ్ళు. అయిదేళ్ళు నిజంగా ఉపయోగపడేది న్యాయవాదుల నుంచీ ఇతర రంగాల నుంచీ తక్కువ వయసులో వచ్చే సభ్యులకు. వారికి అనుభవం పదేళ్ళు చాలని 2023 మార్చి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు జిల్లాకు 15, రాష్ట్రానికి 20 ఏళ్ళు అడిగేవారు. రెండు రాతపరీక్షలు, ఒక మౌఖిక పరీక్ష పెట్టమన్నదీ ఆ తీర్పే. అధ్యక్షులకు ఆ పరీక్ష అక్కరలేదని మొన్నటి మే తీర్పు సవరించింది.

అందుకే నా దృష్టిలో పదవీకాలం కన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఎవరికి ఏ తేదీన 65 నిండుతాయో చేరిన రోజే తెలుసు. ఆ తేదీకి ఆరు నెలల ముందే కొత్తవారి ఎంపిక పూర్తి కావాలి. పుట్టినరోజు ఎవరికీ చెప్పకుండా రాదు.

అత్తిలి అబ్బాయి | 15 జూన్ 2025

పాత బెంచి గారి లెక్క నేను ఆలోచించనిది. పునర్నియామకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆలస్యం మీద నా కోపం అలాగే ఉంది. మా నాన్నగారు తీర్పు చూడకుండానే పోయారు. అమ్మ వారసురాలిగా చేరి కేసు నడిపింది. తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. అయిదేళ్ళు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. వాటితో పాటు నెలకు ఎన్ని కేసులు విన్నారో, ఎన్ని తేల్చారో ఆ కమిషన్ తలుపు మీద అంటించమనండి.

పాత బెంచి | 15 జూన్ 2025

నాన్నగారి సంగతి తెలియక గట్టిగా మాట్లాడి ఉంటే మన్నించండి బాబూ. మీరు అడిగిన పట్టిక న్యాయమైనదే. మేము పనిచేసిన రోజుల్లో అలాంటిది నెలనెలా రాష్ట్ర కమిషన్‌కు పంపేవాళ్ళం. ప్రజలు చూసే చోట మాత్రం పెట్టలేదు. పెట్టవలసింది.

పొలంగట్టు | 21 జూన్ 2025

నల్లకోటు గారు చెప్పినట్టే చేశాం. కమిషన్ వరండాలో నిలబడి వచ్చినవారినల్లా అడిగి పట్టిక రాశాను. వాదనలు పూర్తయి ఆగినవి నాకు తెలిసినంతలో పదిహేడు. అందులో నాలుగు విత్తనం కేసులు. ఒకాయన ముసలితనంలో కళ్ళు సరిగా కనిపించక వేలిముద్ర వేశారు. రిజిస్టరు పోస్టులో పంపాం. కాలువలకు నీళ్ళు వదిలారు, నారుమళ్ళ పని మొదలైంది. ఇక కొన్నాళ్ళు ఇటు రాలేను.

అమలాపురం మాష్టారు | 9 ఆగస్టు 2025

ఏమైనా కదలిక ఉందా పొలంగట్టు గారూ? నా వాయిదా ఈ-జాగృతిలో చూసుకుంటున్నాను. మనవడు ఫోనులో నేర్పాడు. జనవరి 1 నుంచి కొత్త పోర్టల్ అదేనట. వెళ్ళకుండానే కోరం లేదని తెలుస్తోంది, బస్సు చార్జీ మిగులుతోంది.

నల్లకోటు | 20 నవంబరు 2025

పాత చర్చను మళ్ళీ పైకి తెస్తున్నాను. నిన్న, నవంబరు 19న, ట్రిబ్యునళ్ళ సంస్కరణ చట్టం 2021లోని కీలకమైన సెక్షన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్, జస్టిస్ వినోద్ చంద్రన్ ధర్మాసనం. నాలుగేళ్ళ పదవీకాలం, కనీస వయసు 50 అన్న షరతు రెండూ పోయాయి. ఒకసారి కొట్టేసినవాటినే చిన్న మార్పులతో తిరిగి చట్టం చేయడం చెల్లదని, లోపం సరిదిద్దకుండా తీర్పును దాటిపోవడం కుదరదని చెప్పింది. జాతీయ ట్రిబ్యునళ్ళ కమిషన్‌ను నాలుగు నెలల్లో ఏర్పాటు చేయమంది.

ఈ చట్టం పట్టికలో ఉన్నది జాతీయ వినియోగదారుల కమిషన్. జిల్లా, రాష్ట్ర కమిషన్లకు వర్తించేది మే 21 తీర్పు. రెండింటినీ కలిపి చదివితే అయిదేళ్ళు అన్నదానికి ఇక పక్కదారి లేదు.

పొలంగట్టు గారూ, ఎలా ఉన్నారు? మొంథా తుపాను మీ వైపు గట్టిగానే తాకిందని విన్నాను.

పొలంగట్టు | 23 నవంబరు 2025

ఆలస్యంగా చూశాను, క్షమించాలి. అక్టోబరు 28 రాత్రి గాలికి చేను మొత్తం పడిపోయింది. పడిన చేను లేవనెత్తి నాలుగేసి దుబ్బులు కలిపి కట్లు కట్టాం. కట్టినంత మేర గింజ దక్కింది. కట్టలేకపోయిన అరెకరంలో మొలకలొచ్చాయి. మొన్ననే నూర్చాం.

కమిషన్ సంగతి. సెప్టెంబరు చివర మరో జిల్లా అధ్యక్షుల్ని ఇన్‌చార్జిగా వేశారు. వారానికి రెండు రోజులు వస్తున్నారు. మా పట్టికలోని పదిహేడింటినే ముందు పెట్టారు. నా వాదనలు గత సోమవారం మళ్ళీ విన్నారు, గంటన్నర పట్టింది. పంచనామా పూర్తిగా చదివారు. సంచి విప్పి ఈనెలు చూపించాను. ఆయన రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి కొలబద్ద అడిగారు. బెంచి గుమాస్తా తెచ్చి ఇచ్చారు. గింజ లేకపోయినా పొడుగులో తేడా ఉంది కదా, రాసుకున్నారు.

డిసెంబరు 8కి తీర్పు. ఆయనకు 65 నిండేది ఫిబ్రవరిలోనని గుమాస్తా చెప్పారు.